ఆల్బమ్ సిఫార్సు చేయడం ఎలా: శాస్త్రీయం, రాక్, యాంబియంట్, సినిమా సంగీతాలకు సమగ్ర మార్గదర్శి

"వినడానికి మంచి ఆల్బమ్ ఏదైనా చెప్పండి" అని ఎవరైనా అడిగితే సంగీతం ఎరిగినవారు గుక్కతిప్పుకోకుండా పది పేర్లు చెబుతారు. అడిగినవారు రాసుకుంటారు. ఒక్కటీ వినరు, విన్నా రెండో పాట దగ్గర ఆపేస్తారు. తప్పు వారిది కాదు. పేరు ఒక్కటే చెబితే వారి చేతికి అందినది చాలా తక్కువ. అదే పేరుతో అయిదారు రికార్డింగులు ఉండవచ్చు. మొదటి ముక్కే అన్నిటికన్నా కష్టమైనది కావచ్చు. బస్సులో వింటే సగం వినబడకపోవచ్చు. అందుకే సిఫార్సు అంటే నాలుగు సంగతులు కలిపి చెప్పాలి: ఏ రికార్డింగు, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలాంటి చోట ఎంత ధ్వనిలో వినాలి, ఎక్కడ ఆపినా పరవాలేదు.

మొదటి మెట్టు: అడగవలసినవి అడగండి

"మీకు ఎలాంటి సంగీతం ఇష్టం?" అని అడగకండి. "అన్నీ వింటాను" అన్న జవాబే వస్తుంది, దానితో చేయగలిగేది ఏమీ లేదు. దాని బదులు ఇవి అడగండి.

ఈ మధ్య మళ్ళీ మళ్ళీ విన్నది ఏది? అందులో ఏ చోటు కోసం ఎదురుచూస్తారు? ఈ రెండో ప్రశ్నే అసలైనది. ఒక సినిమా పాట ఇష్టమన్న ఇద్దరిలో ఒకరు పల్లవిలోని మాటల కోసం వింటారు, ఇంకొకరు చరణానికి ముందు వచ్చే వయొలిన్ల గుంపు కోసం. పాట ఒకటే అయినా మొదటివారికి గాత్రం ఉన్నదీ, రెండోవారికి వాద్యబృందం ఉన్నదీ చెప్పాలి.

ఎప్పుడు వింటారు, ఒక్క బిగిన ఎంతసేపు వినగలరు? నడకలో ఇరవై నిమిషాలు వినేవారికి అరవై నిమిషాల ఏకఖండం ఇస్తే అది ఎప్పటికీ మధ్యలోనే ఉంటుంది.

ఏది వింటే విసుగు? గొంతు పొడుగ్గా సాగితేనా, డ్రమ్స్ బాదితేనా, మాటలు అర్థం కాకపోతేనా, ఏమీ జరగనట్టు అనిపిస్తేనా? ఇష్టాల కన్నా అయిష్టాల గురించి జనం ఖచ్చితంగా చెబుతారు. ఒక్క అయిష్టం తెలిస్తే మీ జాబితాలో సగం తేలిగ్గా కొట్టేయవచ్చు.

చివరిగా, దేనిలో వింటారు: ఫోన్ స్పీకరా, ఇయర్‌ఫోన్లా, ఇంట్లోని స్పీకరు పెట్టెలా, కారా? ఇది సాంకేతిక కుతూహలం కాదు. తర్వాతి మెట్టంతా దీని మీదే నడుస్తుంది.

రెండో మెట్టు: చోటూ సాధనమూ చూసి వడపోయండి

ఆర్కెస్ట్రా రికార్డింగులో అతి మెల్లని చోటికీ అతి బిగ్గరైన చోటికీ మధ్య తేడా యాభై డెసిబెల్స్ దాటవచ్చు. కదిలే వాహనంలో చుట్టూ ఉండే రొద డెబ్భై డెసిబెల్స్ దాకా ఉంటుంది. మెల్లని చోట్లు ఆ రొదలో మునిగిపోతాయి. వినేవారు ధ్వని పెంచుతారు, అర నిమిషంలో ఇత్తడి వాద్యాలన్నీ ఒక్కసారిగా చెవిలో పేలతాయి, అక్కడితో ఆపేస్తారు. "శాస్త్రీయ సంగీతం నాకు పడదు" అనే మాట చాలాసార్లు ఇలా పుట్టినదే. ప్రయాణంలో వినేవారికి ఒంటరి పియానో, తీగవాద్యాల చిన్న బృందం, లేదా స్థాయి పెద్దగా మారని రాక్ ఆల్బమ్ ఇవ్వండి. మెల్లగా మొదలై మౌనంలోకి జారిపోయే రచనలు ఇంటి కోసం దాచండి. స్వరకర్త ఆర్వో పార్ట్ 1977లో రాసిన 'టాబులా రాసా' రెండో భాగం పేరే నిశ్శబ్దం. అది చివరికి వినబడీ వినబడనట్టుగా సన్నగిల్లుతుంది. రైలుపెట్టెలో ఆ చివరి నిమిషాలు ఉన్నాయన్న సంగతే తెలియదు.

ఫోన్ స్పీకరులో కింది స్వరాలు దాదాపు ఉండవు. తంబురాలోని మంద్రం, బేస్ గిటార్, యాంబియంట్‌లో (వాతావరణంలా చుట్టూ పరుచుకునే, చాలావరకు దరువు లేని సంగీతంలో) అడుగున సాగే గుంజనం అన్నీ పోతాయి. ఫోన్ స్పీకరు తప్ప వేరే దారి లేనివారికి గాత్రం, సంతూర్, పియానో, వేణువు లాంటివి ముందున్న ఆల్బమ్ చెప్పండి. యాంబియంట్ అసలు వద్దు.

మూడో మెట్టు: నిడివిని యుగాన్ని బట్టి ఎంచుకోండి

ఇది చాలామంది వాడుకోని సులువు. రికార్డు తయారైన మాధ్యమమే సంగీతం పొడవును నిర్ణయించింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డుకు ఒక పక్క దాదాపు మూడు నిమిషాలు. అందుకే ఆ కాలపు విద్వాంసులు రాగం, కృతి, నాలుగు స్వరాలు అంతా ఆ మూడు నిమిషాల్లోకి కుదించారు. 1948లో ఎల్‌పీ (లాంగ్ ప్లే రికార్డు) వచ్చాక ఒక పక్కకు ఇరవై నిమిషాలు పైచిలుకు దొరికింది, ఆలాపనకు చోటు వచ్చింది. 1982లో అమ్మకానికి వచ్చిన సీడీ డెబ్భై నాలుగు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత నిడివికి హద్దే పోయింది, దానితో పాటు ఏరివేత కూడా కొంత పోయింది.

కాబట్టి కర్ణాటక సంగీతం కొత్తగా వినేవారికి మూడు గంటల కచేరీ రికార్డింగు ఇవ్వకండి. గీతలూ చిటపటలూ భరించగలిగితే 78 నాటి ముక్కలు, లేకపోతే ఎల్‌పీ నాటి ఆల్బమ్ ఇవ్వండి. కచేరీ రికార్డింగే ఇవ్వాలంటే మొత్తం కాకుండా "రెండో కృతి, ఆరు నిమిషాలు" అని చెప్పండి. రాగం తానం పల్లవి మూడో నాలుగో సిఫార్సులో రావాలి.

రాక్‌లో ఎల్‌పీ నాటి ఆల్బములు ముప్ఫై అయిదు నుంచి నలభై అయిదు నిమిషాలు. ఒక్కసారి కూర్చుని వినడానికి ఇంతకన్నా మంచి కొలత లేదు.

నాలుగో మెట్టు: ఏ రికార్డింగో వేలు పెట్టి చూపండి

శాస్త్రీయ సంగీతంలో ఎక్కువ సిఫార్సులు ఇక్కడే కూలిపోతాయి, కనుక కాసేపు నిలవాలి.

"గ్లెన్ గూల్డ్ వాయించిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ వినండి" అన్నారనుకోండి. అది బాఖ్ రచన, గూల్డ్ పియానో విద్వాంసుడు. ఏది? 1955 జూన్‌లో న్యూయార్క్‌లో రికార్డు చేసి 1956 జనవరిలో విడుదలైనది దాదాపు ముప్ఫై ఎనిమిది నిమిషాలు. 1981లో మళ్ళీ రికార్డు చేసినది యాభై ఒక్క నిమిషం. మొదట్లో వచ్చే ఆరియా అనే బాణీకే 1955లో రెండు నిమిషాల లోపు పడితే, 1981లో మూడు నిమిషాలు పట్టింది. మొదటిది పరుగు, రెండోది ఆలోచన. రాక్ వినే చెవికి 1955, యాంబియంట్ వినే చెవికి 1981 ఇస్తే గురి తప్పదు. ఒక హెచ్చరిక కూడా చేర్చండి: వాయిస్తూ ఆయన కూనిరాగం తీస్తాడు, అది మైకులో పడింది. ముందే చెప్పకపోతే తమ ఇయర్‌ఫోన్లు పాడయ్యాయనుకుంటారు.

"కరాయన్ బీతోవెన్" అన్నది ఇంకా అస్పష్టం. కరాయన్ కండక్టర్, అంటే ఆర్కెస్ట్రాను నడిపించేవాడు. తొమ్మిది సింఫనీల సంపుటిని ఆయన 1950లలో లండన్‌లోని ఫిల్హార్మోనియాతో ఒకసారి, తర్వాత బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో 1960లు, 70లు, 80లలో తలా ఒకసారి రికార్డు చేశాడు. "క్లైబర్ ఐదో సింఫనీ" అంటే తండ్రి ఎరిక్ కూడా ఉన్నాడు, కొడుకు కార్లోస్ కూడా ఉన్నాడు; ఇద్దరి రికార్డింగులూ పేరుపొందినవే. మీరు అనుకున్నది 1974లో వియన్నా ఫిల్హార్మోనిక్‌తో చేసినదైతే ఆ మూడు మాటలూ చెప్పండి: కార్లోస్, వియన్నా, 1974.

పాశ్చాత్య శాస్త్రీయానికి రాయవలసిన క్రమం ఇది: స్వరకర్త, రచన పేరూ సంఖ్యా, సోలో వాద్యకారుడు ఉంటే ఆయన పేరు, కండక్టర్, ఆర్కెస్ట్రా, రికార్డు చేసిన సంవత్సరం, లేబుల్ (రికార్డు కంపెనీ). మన శాస్త్రీయానికైతే: గాయకులు లేదా వాద్యకారులు, కృతి, రాగం, వయొలిన్, మృదంగం లేదా తబలా, కచేరీయా స్టూడియోనా, సంవత్సరం. "ఎందరో మహానుభావులు వినండి" అంటే త్యాగరాజు శ్రీరాగ కృతి పేరు చెప్పినట్టే గానీ ఆల్బమ్ చెప్పినట్టు కాదు. దాన్ని పాడనివారు అరుదు. ఒకే విద్వాంసుడు యౌవనంలో పాడినదీ డెబ్భై ఏళ్ళప్పుడు పాడినదీ వేగంలో, శ్రుతిలో, మాట పలుకులో వేరుగా ఉంటాయి.

స్ట్రీమింగ్‌లో కనబడే సంవత్సరాన్ని నమ్మకండి. అది తరచు పునర్ముద్రణ తేదీ. 1962 నాటి రికార్డింగు పక్కన 2014 అని ఉంటుంది. వలయంలో 'పి' గుర్తు పక్కన ఉండేది ధ్వనిముద్రణ హక్కుల సంవత్సరం. అది కొంత నయం, కానీ రీమాస్టర్ చేసినప్పుడు (పాత రికార్డింగు ధ్వనిని కొత్తగా సరిచేసినప్పుడు) దాన్నీ మార్చేవారున్నారు. ఖాయం చేసుకోవడానికి మంచి గుర్తు నిడివి. ముప్ఫై ఎనిమిది నిమిషాల గోల్డ్‌బర్గ్ 1981 నాటిది కాలేదు.

జాజ్ మన నాలుగింటిలో లేదు గానీ ఒక్క ఉదాహరణ వదల్లేం. మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటి మూడు ముక్కలు రికార్డు చేసిన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో తిప్పేసరికి ఎల్‌పీలో అవి అసలు శ్రుతి కన్నా కొంచెం పైన, కొంచెం వేగంగా వినిపించాయి. 1992 పునర్ముద్రణ దాకా అది సరికాలేదు. వాటితో శ్రుతి కలిపి వాయించాలని చూసేవారికి పాత ప్రతి ఇస్తే తమ చెవినే అనుమానించుకుంటారు.

అయిదో మెట్టు: ఒక్కో విభాగంలో ఎక్కడ మొదలు, ఎక్కడ గుంట

శాస్త్రీయం. హిందుస్తానీకి మొదటి ఆల్బమ్‌గా 'కాల్ ఆఫ్ ది వ్యాలీ'ని మించినది చెప్పడం కష్టం. 1967లో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్ కలిసి ఒక గొర్రెలకాపరి రోజును పొద్దు నుంచి రాత్రి దాకా రాగాల్లో నడిపించారు. అహిర్ భైరవ్‌తో తెల్లవారుతుంది. సీడీలలో చివర అదనపు ముక్కలు చేరాయి. అవి ఆ కథలోవి కావు. పహాడీ దగ్గర ఆపమని చెప్పండి.

పాశ్చాత్యంలో లయను ఇష్టపడేవారికి స్టీవ్ రైక్ 'మ్యూజిక్ ఫర్ 18 మ్యుజీషియన్స్', 1978లో ఈసీఎమ్ లేబుల్ మీద వచ్చిన రికార్డింగు. దాదాపు గంటసేపు ఆగకుండా సాగే ఒకే రచన ఇది. "ఏమీ మారడం లేదు" అన్న ఫిర్యాదు ముందే ఊహించి ఒక దారం చేతికివ్వండి: మొదటి అయిదు నిమిషాల్లో పదకొండు స్వరసమూహాలు వరుసగా ఊపిరిలా వచ్చి పోతాయి. తర్వాత ఒక్కోదాని మీద ఒక్కో భాగం కట్టుకుంటూ పోతుంది. వైబ్రఫోన్ (లోహపు పలకలను కొట్టి మోగించే వాద్యం) మోగితే భాగం మారబోతోందని గుర్తు. ఇది తెలిసి వింటే గంట ఇట్టే గడిచిపోతుంది.

రాక్. ఇక్కడ గుంట రీమాస్టర్లు, మిక్సులు (విడివిడిగా రికార్డయిన గొంతులనూ వాద్యాలనూ కలిపిన తీరు). 1990ల నుంచి ఆల్బములను బిగ్గరగా ముద్రించే పోటీలో మెల్లని చోట్లను కూడా పైకి లాగి అణిచేశారు. మెటాలికా 2008 ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' సీడీ అందుకు పేరుమోసిన ఉదాహరణ. అదే సంగీతం ఒక వీడియో ఆటలో తక్కువ అణిచివేతతో వచ్చి, సీడీ కన్నా అదే బాగుందని అభిమానులు చెవులారా విని తేల్చారు. స్టూజెస్ 1973 ఆల్బమ్ 'రా పవర్'కు డేవిడ్ బోవీ మిక్సు ఒకటి, 1997లో ఆ బృందం గాయకుడు ఇగ్గీ పాప్ చేసిన మిక్సు మరొకటి. రెండోది చెవులు చిల్లులు పడేంత బిగ్గర. రెండూ దాదాపు రెండు వేర్వేరు ఆల్బములు.

బీటిల్స్‌కు మోనో (ధ్వని అంతా ఒకే ధారగా), స్టీరియో (ఎడమ, కుడి రెండు ధారలుగా) సంగతి ఉంది. 1967 నాటి 'సార్జెంట్ పెప్పర్స్' మోనో మిక్సు దగ్గరే బృందం కూర్చుంది. స్టీరియోను తర్వాత వేరేగా చేశారు. ఆ ఆల్బమ్‌లోని 'షీజ్ లీవింగ్ హోమ్' మోనోలో వేగంగా, పై శ్రుతిలో ఉంటుంది. 1965 నాటి 'రబ్బర్ సోల్' తొలి స్టీరియోలో గొంతులు ఒక పక్కకు, వాద్యాలు ఇంకో పక్కకు నెట్టేసి ఉంటాయి. గదిలో స్పీకర్ల నుంచి వింటే ఇబ్బంది లేదు గానీ హెడ్‌ఫోన్లలో ఒక చెవి మూసుకుపోయినట్టుంటుంది. హెడ్‌ఫోన్లవారికి మోనో చెప్పండి.

ఒక బృందాన్ని పరిచయం చేయడానికి హిట్ పాటల సంపుటి ఇవ్వడం మామూలు అలవాటు. అది మంచి అలవాటు కాదు. అందులో ఇరవై ఏళ్ళ గొంతులు, అయిదుగురు ఇంజినీర్ల ధ్వనులు పక్కపక్కన ఇరుక్కుంటాయి. ఒక ఏడాదిలో, ఒక గదిలో పుట్టిన నలభై నిమిషాలు బృందం గురించి ఎక్కువ చెబుతాయి. పింక్ ఫ్లాయిడ్ 1973 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' దాదాపు నలభై మూడు నిమిషాలే, పాటలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి. ఓపిక పరీక్షించాలంటే వారి 1975 ఆల్బమ్ 'విష్ యూ వర్ హియర్' మొదటి ముక్క: గొంతు వినబడేసరికే ఎనిమిది నిమిషాలు దాటుతాయి. ఆ ఎనిమిది నిమిషాలూ హాయిగా గడిచాయన్నవారు యాంబియంట్‌కు తయారైనట్టే.

యాంబియంట్. పేరు చూసి మోసపోయే విభాగం ఇది. అఫెక్స్ ట్విన్ 1992 ఆల్బమ్ 'సెలెక్టెడ్ యాంబియంట్ వర్క్స్ 85–92'లో పేరు ఉంది గానీ దాదాపు ముక్కలన్నిటా దరువు ఉంటుంది. 1994 నాటి రెండో సంపుటంలో దరువు దాదాపు లేదు, కానీ చాలా ముక్కలు ప్రశాంతంగా కాక గుబులుగా ఉంటాయి. నిద్ర కోసం అడిగినవారికి దాన్ని ఇస్తే మర్నాడు మీ ముఖం చూడరు. పైగా అందులో ఒక్కటి తప్ప ముక్కలకు పేర్లు లేవు, దేశాన్ని బట్టి ముక్కల సంఖ్యా ఒకటి కాదు. "ఏడో ముక్క" అనకుండా నిడివి నిమిషాల్లో చెప్పండి.

మొదలుపెట్టవలసింది బ్రయన్ ఈనో 1978 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్'. నాలుగే ముక్కలు. మొదటిది పదిహేడు నిమిషాల పియానో, తర్వాతవాటిలో మనుషుల గొంతులు, సింథసైజర్. పట్టించుకోకపోయినా సరిపోవాలి, పట్టించుకుంటే ఆసక్తిగానూ ఉండాలి అన్నది ఆయన పెట్టుకున్న కొలత. కాబట్టి "కళ్ళు మూసుకుని శ్రద్ధగా వినండి" అని చెప్పడం ఇక్కడ తప్పు సలహా. మాట్లాడుకునే గొంతు కన్నా తక్కువ ధ్వనిలో పెట్టి, పని చేసుకోమనండి. 1975 నాటి 'డిస్క్రీట్ మ్యూజిక్' విషయంలోనైతే ధ్వని వినికిడి హద్దు కిందికి జారిపోయేంత తక్కువలో వినమని ఆయనే రాశాడు. విలియం బసిన్‌స్కీ 2002లో మొదలుపెట్టి వెలువరించిన 'డిసింటిగ్రేషన్ లూప్స్' మొదటి ముక్క గంటపైన ఉంటుంది. పాత టేపును డిజిటల్‌కు మారుస్తుంటే దాని మీది పూత రాలిపోతూ సంగీతం అరిగిపోవడమే అందులోని రచన. ఆ ఒక్క వాక్యం చెప్పకుండా ఇస్తే "ఫైలు పాడైంది" అంటారు.

సినిమా. ముందు మూడింటిని విడదీయండి: తెర వెనుక సంగీతం, సినిమా కోసం ఏరిన పాత పాటల సంపుటి, మన సినిమాల్లా కొత్తగా కట్టిన పాటల ఆల్బమ్. "ఆ సినిమా సంగీతం" అని అడిగినవారి మనసులో ఏది ఉందో తేల్చుకోకుండా చెప్పకండి. మన సినిమా ఆల్బములలో నేపథ్య సంగీతం చాలావరకు ఉండదు. క్లైమాక్సులోని వయొలిన్ల కోసం అడిగినవారు అయిదు పాటలూ విని "అది ఇందులో లేదే" అని తిరిగి వస్తారు.

తెర మీద విన్నదే ఆల్బమ్‌లో ఉంటుందని కూడా అనుకోకండి. 'జాస్' 1975 ఆల్బమ్‌కూ, 'ఈ.టీ.' 1982 ఆల్బమ్‌కూ జాన్ విలియమ్స్ సంగీతాన్ని వినడానికి వీలుగా మళ్ళీ వాయించి రికార్డు చేశారు. తెర మీది రికార్డింగులు ఎన్నో ఏళ్ళ తర్వాత వచ్చాయి. 'బ్లేడ్ రన్నర్' 1982లో విడుదలైతే వాంజెలిస్ స్వయంగా వాయించిన ఆల్బమ్ 1994లో వచ్చింది. 1982లో అమ్మింది వేరే ఆర్కెస్ట్రా వాయించినది. 1994 ఆల్బమ్‌లో సినిమా సంభాషణలు కూడా కలిసి ఉంటాయి, సంగీతం మాత్రమే కావాలనేవారికి చెప్పి ఇవ్వండి. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' మొదట్లో వినబడే స్ట్రాస్ బాకాలు తెర మీద కరాయన్, వియన్నా ఫిల్హార్మోనిక్‌వి, 1968 ఆల్బమ్‌లో ఉన్నవి కార్ల్ బోమ్, బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌వి.

సంపూర్ణ సంపుటాలు అభిమానులకు పండుగ, కొత్తవారికి శిక్ష. రెండు గంటల్లో నలభై సెకన్ల తునకలు, ఒకే బాణీ పదిసార్లు. మొదట వచ్చిన నలభై నిమిషాల ఆల్బమే ఇవ్వండి. సినిమా ఇంకా చూడనివారికైతే ముక్కల పేర్లు కూడా చదివి చూడండి. 1999లో 'స్టార్ వార్స్: ది ఫాంటమ్ మెనేస్' ఆల్బమ్ సినిమాకు రెండు వారాల ముందే వచ్చింది. ముఖ్యపాత్ర ఒకటి ఏమవుతుందో వెనుక అట్ట మీది పేర్లే చెప్పేశాయి.

బహుభాషా ఆల్బములలో భాష కూడా చెప్పాలి. 1992 'రోజా'లో తమిళంలో ఉన్ని మీనన్, సుజాత పాడిన మంచు యుగళగీతాన్ని హిందీలో బాలసుబ్రహ్మణ్యం, చిత్ర పాడారు. "ఆ గొంతు" కోసం వెతికేవారికి భాష మారితే గొంతే మారిపోతుంది.

ఆరో మెట్టు: ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు

విభాగం మార్చాలనుకునేవారికి రెండు గట్లనూ తాకే ఆల్బమ్ ఒకటి చాలు. రాక్ నుంచి యాంబియంట్‌కు బోవీ 1977 ఆల్బమ్ 'లో' (Low): మొదటి పక్క ఏడు చిన్న పాటలు, రెండో పక్క దాదాపు మాటల్లేని నాలుగు ముక్కలు, ఈనో చేయి ఉన్నది. సినిమా పాటల నుంచి శాస్త్రీయానికి ఇళయరాజా 1986 'హౌ టు నేమ్ ఇట్?': త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చిన ఈ ఆల్బమ్‌లో తెలిసిన చేయి, తెలియని ఊరు. అది నచ్చినవారిలో వయొలిన్ అల్లిక నచ్చినవారిని బాఖ్ వైపు, రాగం నచ్చినవారిని కృతుల వైపు పంపండి. శాస్త్రీయం నుంచి రాక్‌కు వంతెనలు కట్టే ప్రయత్నాల్లో ఆర్కెస్ట్రాతో రాక్ బృందాలు చేసినవి నూటికి తొంభై వదిలేయవచ్చు. రెండు గట్ల మీదా కాలు సరిగా ఆనదు.

ఏడో మెట్టు: చీటీ రాయండి

నోటిమాట మరిచిపోతారు. అయిదారు వాక్యాల చీటీ ఇవ్వండి. ఇలా:

"కాల్ ఆఫ్ ది వ్యాలీ, 1967. శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియా, బ్రిజ్ భూషణ్ కాబ్రా. మొదటి అయిదు ముక్కలే, దాదాపు నలభై నిమిషాలు. పొద్దున వినండి, ఇయర్‌ఫోన్లు చాలు. మొదటి ముక్క పన్నెండు నిమిషాలు, మెల్లగా మొదలవుతుంది; తబలా వచ్చేదాకా ఆపకండి. తబలా వచ్చాక కూడా నచ్చకపోతే ఆపేయండి, మొహమాటం అక్కర్లేదు."

ఆపడానికి అనుమతి ఇచ్చే చివరి వాక్యం మర్యాద కోసం కాదు. ఎక్కడిదాకా ఓపిక పట్టాలో తెలిసినవారు అక్కడిదాకా పడతారు. హద్దు చెప్పకపోతే రెండో నిమిషంలోనే తమ హద్దు తాము గీసుకుంటారు. "మీ జీవితం మారిపోతుంది" లాంటి మాటలు మాత్రం రాయకండి. అంత ఎత్తు నుంచి ఏ ఆల్బమ్ అయినా కిందికే పడుతుంది.

ఒకసారికి ఒకటే ఆల్బమ్. మరీ పట్టుబడితే రెండు, అవి కూడా ఒకదానికొకటి దూరంగా ఉండేవి.

ఎనిమిదో మెట్టు: మీటలు సరిచేయించండి

షఫుల్ (ముక్కల వరస మార్చేసే మీట) ఆపించండి. క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క చివరను తర్వాతి ముక్క మొదలుతో కలిపేసేది) సున్నా చేయించండి. గ్యాప్‌లెస్ (ముక్కల మధ్య ఖాళీ రాకుండా చూసేది) ఆన్‌లో ఉందో లేదో చూడమనండి. బీతోవెన్ ఐదో సింఫనీలో మూడో భాగం చివర డ్రమ్ము గుసగుసలాడుతూ పెరిగి, విరామం లేకుండా నాలుగో భాగంలోకి భళ్ళున తెరుచుకుంటుంది. మధ్యలో రెండు సెకన్ల ఖాళీ వస్తే ఆ తెరుచుకోవడమే పోతుంది. 'డార్క్ సైడ్'కూ అంతే.

ధ్వనిని సమం చేసే మీట గురించి రెండు మాటలు. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి ఎంత బిగ్గరో చెప్పే కొలత), యాపిల్ మ్యూజిక్ మైనస్ 16కు పాటలను తెస్తాయి. రకరకాల పాటలు కలగలిపి వినేటప్పుడు ఇది ఉపకారమే. ఆల్బమ్ వినేటప్పుడు మెల్లని పాట మెల్లగానే ఉండాలి కనుక పాటవారీగా కాక ఆల్బమ్‌వారీగా సమం చేసే ఏర్పాటు ఉంటే దాన్ని ఎంచుకోమనండి. రెండు రీమాస్టర్లలో ఏది ఇవ్వాలో మీరే తేల్చుకునేటప్పుడు మాత్రం రెండింటినీ సమాన ధ్వనికి తెచ్చి వినండి. ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువున్నది చెవికి "మెరుగు"గా తోస్తుంది, నిజానికి అది బిగ్గర మాత్రమే.

తొమ్మిదో మెట్టు: విన్నాక అడగవలసింది

"నచ్చిందా?" అంటే "బాగుంది" అంటారు. "ఎక్కడ ఆపారు?" అని అడగండి. జవాబులో జబ్బు పేరు ఉంటుంది.

మొదటి రెండు నిమిషాల్లో ఆపితే తప్పు సంగీతానిది కాకపోవచ్చు. ధ్వని తక్కువ, రొద ఎక్కువ, లేదా మొదలుపెట్టిన ముక్క సరైనది కాదు. అదే ఆల్బమ్‌ను వేరే ముక్క నుంచి మళ్ళీ ఇవ్వండి. సగంలో ఆపితే నిడివి ఎక్కువైంది. అదే సంగీతకారులది పొట్టి ఆల్బమ్ వెతకండి. పూర్తిగా విని ఒక్క చోటూ గుర్తులేదంటే, యాంబియంట్ అయితే పని జరిగింది, మిగతా మూడింటిలో అయితే మరీ నునుపైనది ఇచ్చారు. తర్వాత కాస్త గరుకైనది ఇవ్వండి. ఒక్క ముక్కనే నాలుగుసార్లు విన్నామంటే, ఆ ముక్కలో ఏముందో పట్టుకోండి: రాగమా, వాద్యమా, వేగమా, గొంతా. తర్వాతి సిఫార్సు ఆల్బమ్‌ను బట్టి కాక ఆ ముక్కను బట్టి చేయాలి.

రెండో సిఫార్సు వారం లోపు ఇవ్వకండి, మొదటిది ఇంకా చెవిలో కుదురుకోదు. ఎవరికి ఏది, ఏ రికార్డింగు, ఏ తేదీన ఇచ్చారో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆరు నెలల తర్వాత వారు "అప్పుడేదో పియానో చెప్పారే" అని వస్తారు, ఆ పియానో 1955దో 1981దో మీకూ గుర్తుండదు.